పరుల యింట నుంచిన బిడ్డ: రక్షణ భార మెవ్వరిది?

తల్లిదండ్రులు లేనివాడో, ఉండియు పోషింపజాలని వారి బిడ్డయో, వారి క్రూరత్వమునుండి తప్పింపబడినవాడో అగు బాలుని కొంతకాలము మరియొక కుటుంబమున నుంచి పెంచుటకు నేడు ఫాస్టర్ కేర్ అని పేరు. మనము దీనిని పోషణగృహ పద్ధతి యందము. ఇది దత్తత కాదు. దత్తతలో బిడ్డ యింటిపేరు మారును, ఆస్తిలో హక్కు కలుగును, పెంచినవారే సర్వవిధముల తల్లిదండ్రు లగుదురు. పోషణగృహములో ఇవేవియు లేవు. బిడ్డ యొకరిది, ఇల్లు వేరొకరిది, బిడ్డను ఆ యింట నుంచిన అధికారము మూడవవారిది. ఇట్లు ముగ్గురి నడుమ పెరుగు బిడ్డకు హాని కలిగినప్పుడు జవాబు చెప్పవలసిన వారెవ్వరు? ఈ పాఠమున మనము విచారింపదలచిన ప్రశ్న యిది యొక్కటే.

మన పురాణములలో పెంచిన తల్లులకు కొదువ లేదు. యశోద ప్రేమను, రాధ కర్ణుని పెంచిన తీరును చెప్పుకొని మురియుచుందుము. ఆ కథలు మంచివే. కాని వానివలన మనకొక యలవాటు పట్టుబడినది. పెంచుటకు ముందుకు వచ్చినవారిని చూచిన తోడనే చేతులు జోడింతుము. అటుపిమ్మట ఆ యింటివైపు చూడము. 'మహానుభావులు, దిక్కులేని బిడ్డను చేరదీసిరి' అని ఊరంతయు చెప్పుకొనును. ఆ బిడ్డ యేమి తినుచున్నాడో, ఎక్కడ పరుండుచున్నాడో ఒక్కరును అడుగరు. అడిగినచో ఆ గృహస్థునకు అవమానమని తలంతురు. దేవళపు మాన్యమును చూచు ధర్మకర్తను ఏటేట లెక్క లడుగుదుము. అడిగినందుకు ఆయన నొచ్చుకొనడు. ఎకరము నేలకు గల పాటి విచారణ ప్రాణమున్న బిడ్డకు ఏల యుండరాదు?

ఇంగ్లండు దేశము ఒక బాలుని ప్రాణము పోయిన పిదప ఈ ప్రశ్నను తన్ను తా నడుగుకొనెను. ఆ వృత్తాంతము మనము వివరముగ నెరుగదగినది.

వేల్సు దక్షిణభాగమున న్యూపోర్టు అను పట్టణము కలదు. అందు ఓనీల్ అను పేద కుటుంబము నివసించుచుండెను. ఆ కుటుంబమునందలి పిల్లలు సరిగ చూడబడుట లేదని న్యాయస్థానము నిర్ణయించి, 1933వ సంవత్సరపు బాలల చట్టము ననుసరించి వారిని న్యూపోర్టు పురపాలక సంఘమున కప్పగించెను. ఆ చట్టమున బిడ్డను స్వీకరించువానికి 'తగిన వ్యక్తి' యని పేరు. అనగా ఒక మహాపట్టణపు పాలకసంఘము, చట్టము దృష్టిలో, ఆ పిల్లలకు తండ్రి యయ్యెను. సంఘమునకు ఒడి లేదు గదా. పిల్లలు ఒక చోటినుండి మరియొక చోటికి మార్చబడుచు, తుదకు 1944వ సంవత్సరము జూన్ నెల చివర డెన్నిస్ అను బాలుడును, కొలది దినములకే అతని తమ్ముడు టెరెన్సును, ష్రాప్‌షైరు జిల్లాలో మిన్‌స్టర్లీ గ్రామ సమీపమున కొండల నడుమ నున్న యొక వ్యవసాయ క్షేత్రమునకు పంపబడిరి. వారి చిన్న తమ్ముడు వేరొక యింట నుంచబడెను.

అది యుద్ధకాలము. నగరములనుండి తరలింపబడిన పిల్లలతో పల్లెటూళ్ల యిండ్లు నిండియుండెను. కచేరీలలో పని చేయువారు తక్కువ. బిడ్డను తీసికొనెదమని చెప్పిన యిల్లు దొరకుటయే భాగ్యమని అధికారులు తలంచిరి. ఆ యింటివారెట్టివారో లోతుగ విచారించినవారు లేరు. పైగా పిల్లలు న్యూపోర్టువారి బాధ్యత. ఉన్నది మాత్రము ష్రాప్‌షైరులో. వారిని పోయి చూచుట ఎవరి పని? న్యూపోర్టువారు ష్రాప్‌షైరువారు చూచుచున్నారనుకొనిరి. ష్రాప్‌షైరువారు తామా భారము వహించినట్లు తలంపలేదు. రెండు కచేరీల నడుమ ఉత్తరములు నడచెను. ఆ యుత్తరములలో మర్యాదకు లోపము లేదు. 'పదిమందిలో పాము చావదు' అని మనవారందురు. ఇచ్చట పదిమంది కూడ అక్కరలేకపోయిరి, ఇద్దరే చాలిరి.

జూన్ చివర వెళ్లిన బాలుని న్యూపోర్టునుండి ఒక ఉద్యోగిని వచ్చి చూచినది డిసెంబరు 20వ తేదీన. ఆమెకు కన్నులుండెను. డెన్నిసు భయపడుచున్నాడనియు, ఆరోగ్యముగ లేడనియు, పిల్లల నచ్చటనుండి తీసివేయవలెననియు ఆమె గ్రహించి తన పైవారికి తెలిపెను. పిదప క్రిస్మసు వచ్చెను. కాగితము ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి పోవుచుండెను. 1945వ సంవత్సరము జనవరి 9వ తేదీన డెన్నిసు ఓనీల్ మరణించెను. అతని వయస్సు పన్నెండేండ్లు. ఆమె చూచిపోయిన దినమునకును ఆ దినమునకును నడుమ ఇరువది దినములు.

ఆహారము చాలక శరీరము కృశించియుండగా, ఛాతీమీద పడిన దెబ్బలవలన గుండె యాగి మరణించెనని వైద్యులు తేల్చిరి. ఆకలికి తాళలేక పొలములోని దుంపను కొరికినందుకు ఆ దెబ్బలు పడెనని విచారణలో వెల్లడి యయ్యెను. పదియేండ్ల టెరెన్సు న్యాయస్థానమున నిలిచి, తన యన్నకును తనకును జరిగినదంతయు చెప్పెను. పెంపుడు తండ్రికి నరహత్యానేరమున ఆరేండ్ల కఠినశిక్షయు, అతని భార్యకు బాలుని నిర్లక్ష్యము చేసినందుకు ఆరు మాసముల శిక్షయు విధింపబడెను. ఆ దినములలో పత్రికలు యుద్ధవార్తలను ప్రక్కకు నెట్టి ఈ యొక్క బాలుని గూర్చి వ్రాసెను. అగాథా క్రిస్టీ యను రచయిత్రి ఈ ఘటనను మనసున నుంచుకొని 1947లో ఒక రేడియో నాటకము వ్రాసెను; 1952లో లండనున ప్రదర్శింపబడిన 'మౌస్‌ట్రాప్' నాటకమునకు అదియే మూలము. ఆ నాటకమును చూచి వినోదించిన వేలమందిలో ఎందరు డెన్నిసు పేరు నెరుగుదురో!

నేరస్థులకు శిక్ష పడినది గనుక కథ ముగిసినదని ప్రభుత్వము తలంపకుండుట మెచ్చదగినది. సర్ వాల్టర్ మంక్టన్ అను న్యాయవాదిని విచారణకర్తగ నియమించిరి. ఆయన నివేదిక 1945 మే నెలలో వెలువడెను. యుద్ధకాలపు ఇబ్బందుల నాయన కాదనలేదు. కాని ఆయన యొక్క మాట తేల్చి చెప్పెను. బిడ్డను స్వీకరించినది ఒక మనుష్యుడైనను, ఒక పాలకసంఘమైనను, తన సొంత బిడ్డను చూచినట్లు చూడవలసినదే. ఆ సంబంధము మనిషికి మనిషికి నడుమ నుండు సంబంధము. దానిని తప్పించుకొనుటకును వీలులేదు, అరకొరగ జరుపుటకును వీలులేదు. ఇదియే ఆయన యభిప్రాయ సారము. చదువరులారా, ఈ మాటయందు గల బరువును కొంచెము నిదానించి చూడుడు. కచేరీకి ప్రేమ యుండదు. ప్రేమ గల ఒక మనుష్యునకు కచేరీ తన యధికారమును పేరు పెట్టి యప్పగింపవలెను. అట్లు చేయనిచో 'మేము స్వీకరించితిమి' అను వాక్యమునకు కర్త లేడు.

న్యాయముగ చెప్పవలెనన్న, డెన్నిసు మరణమునకు ముందే హెచ్చరించినవారు లేకపోలేదు. లేడీ అలెన్ అను వనిత 1944 జూలైలో లండను 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాసి, తల్లిదండ్రులు లేని బిడ్డలు ఎట్లు బ్రతుకుచున్నారో బహిరంగ విచారణ జరుపుడని కోరెను. ఆ లేఖపై నెలల తరబడి చర్చ సాగెను. డెన్నిసు ఆ క్షేత్రమున నలుగుచున్న నెలలును అవియే. తరువాత 1945లో మైరా కర్టిస్ అధ్యక్షతన ఒక సంఘ మేర్పడి, 1946లో తన నివేదికను సమర్పించెను. స్వగృహమున పెరుగు భాగ్యము లేక సంస్థలలోను పరుల యిండ్లలోను పెరుగుచున్న బిడ్డలు సుమారు 1,25,000 మంది యని ఆ సంఘము లెక్కించెను. వారి మంచిచెడ్డలు మూడు నాలుగు ప్రభుత్వ శాఖల నడుమ చీలియుండెను. కర్టిస్ సంఘము చేసిన ముఖ్య సూచన మిక్కిలి సరళమైనది: ప్రతి స్థానిక సంఘమునందును పిల్లల కొరకే నియమింపబడిన ఒక అధికారి యుండవలెను, ఆ యధికారికి వేరు పని యుండరాదు, ఆ పిల్లలను తాను స్వయముగ నెరిగియుండవలెను. 1948వ సంవత్సరపు బాలల చట్టము దీనిని శాసనముగ చేసెను.

ఈ సూచన సరళమైనను, తేలిక కాదు. అధికారి పేరు చట్టములో నుండుట వేరు, బిడ్డ హృదయమున నుండుట వేరు. తరువాతి చరిత్ర దీనికి సాక్ష్యము.

1973 జనవరిలో బ్రైటన్ పట్టణమున మరియా కోల్వెల్ అను ఏడేండ్ల బాలిక సవతి తండ్రి చేత మరణించెను. ఈమె కథ డెన్నిసు కథకు తిరుగబడినట్టిది. మరియా తన మేనత్త యింట సుఖముగ పెరిగినది. 1971లో ఆమెను ఆ యింటనుండి తీసి, కన్నతల్లి కప్పగించిరి. పోనొల్లనని ఆ పిల్ల యేడ్చినది. కన్నతల్లి గదా, రక్తసంబంధము గదా యని పెద్దలు తలంచిరి. ఇరుగుపొరుగువారును, బడి పంతులమ్మయు బాలిక స్థితిని గూర్చి ఆందోళన తెలిపిరి; ఆ మాటలన్నియు ఒక చోట చేరలేదు. 1974 నాటి విచారణ నివేదిక ముఖ్యముగ ఎత్తి చూపిన లోపమిదియే. పోషణగృహమున బిడ్డను కాపాడుట యనగా ఆ గృహమునుండి కాపాడుట మాత్రమే యనుకొనువారికి ఈ కథ కనువిప్పు. మంచి పెంపుడు తల్లి దొరికిన బిడ్డకు ఆ తల్లిని నిలిపియుంచుట కూడ రక్షణయే.

ఇక మూడవ కథ మన యిండ్లకు మిక్కిలి దగ్గరది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు దేశమునుండి విక్టోరియా క్లింబీ యను బాలికను ఆమె తండ్రికి పిన్నమ్మ వరుస యగు స్త్రీ యొకతె, ఐరోపాలో చదువు చెప్పించెదనని తల్లిదండ్రుల నడిగి 1998లో వెంట తీసికొనిపోయెను. చదువన్న మాట విని తల్లిదండ్రులు సంతోషముతో పంపిరి. 2000వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన ఆ యెనిమిదేండ్ల బాలిక లండనున చిత్రహింసలవలన మరణించెను. ఆమె నడివీధిలో దాచబడిన బిడ్డ యన్నట్లు, నాలుగు సాంఘిక సేవా శాఖలును, రెండు ఆసుపత్రులును, రెండు పోలీసు బాలరక్షక బృందములును ఆమెను ఏదో యొక సమయమున ఎరిగియుండినవి. లార్డ్ లామింగ్ 2003లో ఇచ్చిన నివేదికలో, ఆమెను రక్షింప వీలగు సందర్భములు కనీసము పండ్రెండు వచ్చి పోయెనని చెప్పెను. అందరును ఆ పిన్నమ్మతో మాటాడిరి. ఆ పిల్లను వేరుగ కూర్చుండబెట్టి, 'అమ్మాయీ, నీ సంగతి చెప్పు' అని తీరుబడిగ నడిగినవారు లేరు.

'పట్నములో చదివించెదము' అను మాట మన తెలుగునాట ఎన్ని గుమ్మములలో వినబడలేదు! వేలు విడిచిన మేనమామయో, పెద్దింటి బంధువో వచ్చి, తండ్రి చనిపోయిన పిల్లను తీసికొనిపోవును. కొందరు మాట నిలుపుకొందురు. ఆ పిల్ల చదివి, ఉద్యోగము చేసి, పెంచినవారిని ముసలితనమున చూచుకొనిన కుటుంబములు మనమెరిగినవే. మరికొన్ని యిండ్లలో పలక కొన్ని నెలలకే అటకెక్కును. అంట్లు, చంటిపిల్లవాని ఊయెల, అంగడి సంచి ఆ పిల్ల చేతికి వచ్చును. 'పనిమనిషి కాదండీ, మా పిల్లవంటిదే' అని గృహిణి యనును. 'వంటిదే' యను మాటనే మనము పట్టి చూడవలెను. తన పిల్ల మంచముమీదను, ఈ పిల్ల వసారాలో చాపమీదను పరుండునా? తన పిల్లకు వేడి యన్నమును, ఈ పిల్లకు రాత్రి మిగిలినదియునా? కులము వేరైన పిల్లకు గ్లాసు కూడ వేరా? డెన్నిసును, టెరెన్సును వ్యవసాయ క్షేత్రమున నుంచినప్పుడును బిడ్డకును కూలివానికిని నడుమ గీత ఇట్లే చెరిగిపోయెను. పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకొనుట మన దేశమున 2006 అక్టోబరు నుండి నిషేధము. బంధుత్వపు పేరు చెప్పి చట్టము కన్ను గప్పుట సులభమగుట చేతనే బంధువుల కన్ను మరింత తెరచియుండవలెను.

మన దేశమున పోషణగృహమునకు శాసనబలము లేకపోలేదు. 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము, 44వ విభాగమున, దీని నియమములను చెప్పుచున్నది. బిడ్డను ఎవరి యింట నుంచవలెనో జిల్లా బాలల సంక్షేమ సంఘము నిర్ణయించును. కుటుంబము యొక్క సామర్థ్యమును, ఉద్దేశమును, పిల్లలను పెంచిన యనుభవమును చూచి ఎన్నుకొనవలెను. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను వీలైనంతవరకు విడదీయరాదు. బిడ్డ పోషణకు ప్రభుత్వము నెలనెల ధనమీయవలెను. చదువు, వైద్యము, ఆహారము పెంచు కుటుంబపు బాధ్యత. సంక్షేమ సంఘము ప్రతి నెలయు ఆ కుటుంబమును తనిఖీ చేయవలెను. లోపము కనబడినచో బిడ్డను వేరొక కుటుంబమునకు మార్చవలెను. మాసమున కొకసారి! జూన్ నుండి డిసెంబరు వరకు ఎదురుచూచిన డెన్నిసును తలచుకొన్నచో ఈ నియమము వెల తెలియును.

అయితే సంక్షేమ సంఘమున అధ్యక్షుడును నలుగురు సభ్యులును, వెరసి ఐదుగురే. జిల్లాలోని సకల బాలల వ్యవహారములును వారి యెదుటికే వచ్చును. ఇంటింటికి పోయి చూచు పని సహజముగ జిల్లా బాలరక్షణ విభాగపు ఉద్యోగుల మీదను, స్వచ్ఛంద సంస్థల మీదను పడును. పడుటలో తప్పు లేదు. కాని యిక్కడనే న్యూపోర్టు, ష్రాప్‌షైరుల కథ మరల పుట్టగలదు. కావున ప్రతి బిడ్డ కాగితముమీదను ఒక సంస్థ పేరు మాత్రము వ్రాసి చాలించరాదు. చూడబోవు మనుష్యుని పేరు, పోయిన తేదీ, మరల పోవలసిన తేదీ యుండవలెను. ఆ మనుష్యుడు బదిలీ యైనప్పుడు, క్రొత్తవాడు చేవ్రాలు చేసి స్వీకరించువరకు, పాతవాని భారము తీరరాదు. నగదు పెట్టె తాళములు మార్చుకొనునప్పుడు గుమాస్తాలు చేయునదియే గదా ఇది.

చూడబోవువారికి కొన్ని మాటలు. ముందుగ తెలిపి యొకసారి, తెలుపక యొకసారి పొండు. హాలులో కాఫీ త్రాగి, గృహస్థుని మాటలు విని, రిజిస్టరులో 'క్షేమము' అని వ్రాసి రావలదు. బిడ్డ పరుండు చోటు చూడుడు. బడికి పోయి హాజరు పట్టీ చూడుడు, పంతులుగారి నడుగుడు. బిడ్డను తూచుడు, క్రిందటి నెల తూకముతో పోల్చుడు. బిడ్డ భయముచే దాచిన సంగతిని త్రాసు చెప్పును. చివరకు, ఆ యింటివారెవ్వరును లేనిచోట, బిడ్డ భాషలో, బిడ్డతో మాటాడుడు. తెలంగాణములోని గోండు బిడ్డతో గ్రాంథికాంధ్రమున మాటాడి, జవాబు రాలేదని వ్రాసికొనుట విచారణ కాదు. మొదటి నెల బిడ్డ యేమియు చెప్పకపోవచ్చును. మూడు నెలలు అదే మనుష్యుడు వచ్చినచో నాలుగవ నెల చెప్పును. మనుష్యుని మార్చినచో లెక్క మొదటికి వచ్చును.

ఈ తనిఖీలన్నియు పెంచువారిని దొంగలుగ చూచుటకు గాదు. ఇతరుల బిడ్డను, దెబ్బలు తిని వచ్చిన బిడ్డను, రాత్రులు పక్క తడుపు బిడ్డను, అన్నము దాచుకొను బిడ్డను పెంచుట కష్టము. సలహా చెప్పువారు లేక, చేతిలో డబ్బు లేక విసిగిన మంచివారును చేయి చేసికొనుట సంభవించును. నెలనెల వచ్చు మనుష్యుడు వారికి మొదట సహాయుడు. ఆ సహాయము అందుచున్న యిల్లు అతనిని చూచి తలుపు మూయదు.

తుదకు ఏ యధికార సంఘమును ఎరుగని యిండ్ల సంగతి. కోవిడు మహమ్మారి 2020, 2021 సంవత్సరములలో ఎందరో బిడ్డలను అనాథలను చేసెను. రెండు తెలుగు రాష్ట్రములలోను అట్టివారు తాతల, మామల, పిన్నమ్మల యిండ్లు చేరిరి. తల్లిదండ్రు లిద్దరిని పోగొట్టుకొనిన బిడ్డ పేర కేంద్రప్రభుత్వము నిధి యేర్పరచి, ఇరువదిమూడవ యేట పదిలక్షల రూపాయలు అందునట్లు చేసెను. మంచి పనియే. కాని బిడ్డ వెంట ధనము వచ్చిన యింట బిడ్డను చూడబోవువారు మరింత జాగరూకు లగుట మంచిది. ఇట్టి బంధువుల యిండ్లకు నెల తనిఖీ లేదు. అక్కడ చూచువారు మనమే: ప్రక్కింటి గృహిణి, బడి పంతులు, అంగన్‌వాడీ కార్యకర్త, పాలు పోయువాడు. ఎండాకాలమున కూడ పొడవు చేతుల చొక్కా విడువని పిల్ల, బడి మానిన పిల్ల, పిలిచినచో ఉలికిపడు పిల్ల వారి కంటికే మొదట కనబడును.

వారు చేయవలసినది చిన్న పని. 1098 అను బాలల సహాయ సంఖ్యకు ఫోను చేయుటకు డబ్బు అక్కరలేదు. దిక్కులేక, కుటుంబపు అండ లేక కనబడిన బిడ్డను గూర్చి 24 గంటలలో తెలుపవలెనని బాలన్యాయ చట్టమే చెప్పుచున్నది; తెలుపకుండుట నేరము. బిడ్డపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసియు చెప్పకుండుట 2012వ సంవత్సరపు పోక్సో చట్టము క్రింద శిక్షార్హము. సదుద్దేశముతో చెప్పినవానిపై, సివిలుగ గాని క్రిమినలుగ గాని, ఏ బాధ్యతయు రాదని ఆ చట్టమే అభయ మిచ్చుచున్నది. 'పరుల యింటి గొడవ మనకేల' అని భార్య వారించినను, భర్త వారించినను, ఫోను చేసినవారి పేరు ఆ ప్రక్కింటివారికి చెప్పనక్కరలేదు.